సీటు మీద పసుపు చెయ్యి

బడిలో నాకు సీటు లేకపోలేదు. కిటికీ పక్కన, గాలి వచ్చేచోట, మంచి సీటు. దాని మీద కూర్చున్న జ్ఞాపకమే లేదు. లెక్కల మాస్టారు రావడం, నన్ను బెంచీ ఎక్కించి నిలబెట్టడం, గంట కొట్టాక నేను దిగడం, ఇదే నా చదువు. క్లాసులో అందరికన్నా పైస్థాయిలో ఉన్నవాణ్ణి నేనే అని ఇప్పటికీ చెప్పుకుంటాను. ఒకరోజు అలా బెంచీ మీద నిలబడి చూస్తుంటే కిటికీలోంచి ఘాట్ రోడ్డు కనిపించింది. దిగి, అటే వెళ్ళిపోయాను. ఇప్పుడు ఊళ్ళో వాళ్ళ కారు సీట్లు తుడుచుకుంటూ బతుకుతుంటే మా ఆవిడ అంటుంది, "కూకోడం సేతకానోడికి తుడవడం ఒచ్చింది" అని.

అనంతగిరి దాటి అరకు వైపు వెళ్తుంటే ఎడంచేతి పక్కన నా వాటర్ సర్వీసింగ్ కనిపిస్తుంది. మోటారు లేదు. పైనున్న గెడ్డలోంచి, అదే కొండవాగులోంచి, పైపు వేసుకున్నాను, కొండ వాలే నాకు కరెంటు. కింద ఎస్.కోటలో పూరీలు తిని ఘాట్ ఎక్కే టూరిస్టులకి ఈ మలుపులు పడవు. అక్కడ ఎక్కిన పూరీలు నా దగ్గరకొచ్చేసరికి సీట్ల మీదకి దిగిపోతాయి. ఈ మలుపులు వేసిన ఇంజినీరెవరో గాని, ఆయన ఫొటో దొరికితే కొట్లో దేవుడి పటం పక్కన పెట్టుకుంటాను.

ఒకప్పుడు వచ్చేవన్నీ బట్ట సీట్ల బళ్ళే. బట్ట సీటు మొహమాటం లేని మనిషి, ఎంత రుద్దినా ఏమీ అనుకోదు. ఇప్పుడన్నీ లెదరు. లెదరు సీటంటే కొత్తల్లుడే. గట్టిగా ముట్టుకుంటే గీత పడుతుంది, నీళ్ళు ఎక్కువైతే బిగుసుకుంటుంది, ఎండ ఎక్కువైతే పగులుతుంది, మధ్యమధ్యలో కాస్త మెత్తగా రాస్తూ ఉండాలి. బొంగు చికెన్ మసాలా పడితే నీళ్ళు పొయ్యకూడదు, మొహానికి రాసుకునే పౌడరు చల్లి వదిలేస్తే నూనెని అదే పీల్చుకుంటుంది. పనసకాయ జిగురు అంటితే కొబ్బరినూనె. బాల్‌పెన్ను గీతకి మాత్రం నేను దణ్ణం పెట్టి, బండి వాళ్ళకి కూడా దణ్ణం పెట్టి పంపించేస్తాను. ఏ మరకైనా సరే, కడగడానికి ముందు చూడాలి. ఏమిటిది, ఎవరు పోశారు, ఎప్పుడు పోశారు, పోశాక ఇంకేం పెట్టి రుద్దారు అని అడగాలి. నా వృత్తిలో నేను సొంతంగా కనిపెట్టిన సూత్రం ఇదొక్కటే. వచ్చినవాళ్ళందరికీ చెప్తుంటాను, అడక్కపోయినా.

ఇక మా తోడల్లుడి సంగతి.

మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఎస్.కోటలో ఉంటాడు. తెల్లచొక్కా వేసుకుంటాడు, అది సాయంత్రం దాకా తెల్లగానే ఉంటుంది, నాకు అదే మండుతుంది. నన్ను "అన్నయ్యా" అని నిండుగా పిలుస్తాడు. ఎప్పుడూ ఒక మాట తూలడు. తూలితే బాగుణ్ణు, తిట్టుకోడానికి ఒక కారణం ఉండేది. మా అత్త ఇల్లు నా కొట్టు పైనే, మిరియాల తీగలు పాకిన చెట్ల మధ్య నుంచి కాలిబాట ఎక్కితే వచ్చేస్తుంది. నేను రోజూ కనబడేవాణ్ణి, గుమ్మం పక్కన చీపురు లాంటివాణ్ణి. అవసరమైనప్పుడు చేతికందుతాను గాని చూసి మురిసిపోయేదేమీ లేదు. అతను పండక్కో పబ్బానికో వస్తాడు. అతనికి కప్పూ సాసరూ, నాకు స్టీలు గ్లాసు. కాఫీ ఒకటే, ఆవిడ తోటదే, ఆ గిన్నెలోదే. కానీ సాసరు ఉంది చూశారూ, ఆ సాసరు! నాకు సాసరు ఇస్తే ఏం చేసుకుంటానని కాదు. అడిగితే కదా నేను వద్దనేది.

కోడి కోసినా అంతే. కాలు ముక్క గరిటెలోంచి దానంతటదే అతని కంచం వైపు నడిచి వెళ్తుంది. నాకు మెడ. "నీకు మెడంటే ఇష్టం కదా బాబూ" అంటుంది మా అత్త. ఎప్పుడో ఒకసారి మర్యాదకి ఇష్టమన్నాను. ఇన్నేళ్ళుగా తింటున్నాను.

పోయిన చలికాలం ఆ తోడల్లుడు కారు కొన్నాడు. వైజాగులో ఎవరో పెద్దాయన వాడి వదిలేసిన సెకండ్‌హ్యాండు బండే. ఐతే ఏం, తలుపు తియ్యగానే లోపల మీగడ రంగు లెదరు సీట్లు. నేను ఎన్ని బళ్ళు కడిగాను, అంత మెత్తటి సీటు చూడలేదు. వేలు పెట్టి నొక్కితే లోపలికి వెళ్ళి, "సరే" అన్నట్టు మెల్లగా పైకొస్తుంది. నేను నొక్కి చూస్తుంటే అతను, "కూర్చో అన్నయ్యా" అన్నాడు. "బట్టలు తడిగా ఉన్నాయి తమ్ముడూ" అన్నాను. పొడిగానే ఉన్నాయి.

పూజ మా అత్త వాకిట్లోనే. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ నా చేతికిచ్చారు. మా అత్త గిన్నెలో పసుపు కలిపి, బానెట్టు మీద బొట్లు పెట్టింది, స్టీరింగు మీద పెట్టింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆవిడ డ్రైవరు తలుపు తీసి, కుడిచెయ్యి మొత్తం పసుపులో ముంచి, డ్రైవరు వీపు ఆనించే చోట, ఆ మీగడ లాంటి లెదరు మీద అరచెయ్యి అచ్చు వేసేసింది. అయిదు వేళ్ళూ పడ్డాయి. ఉంగరం వేలు కొంచెం పొట్టిగా పడింది, ఎప్పుడో కొడవలికి కొస తెగింది ఆవిడకి.

"నువ్వు బండి తోలినంతసేపూ నా సెయ్యి నీ ఈపెనక ఉంటాది బాబూ. ఏ మలుపూ నిన్నేటీ సెయ్యదు" అంది.

నేను కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నాను. కొట్టమన్నారు. ఎంత గట్టిగా కొట్టానంటే ఒక చిప్ప ఎగిరి వెళ్ళి కారు తలుపు పక్కనుంచి దూసుకుపోయింది. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో చాలా ఉంది.

ఎందుకంటే నాకూ ఒక బండి ఉంది. పాత జీపు. సంత రోజు సరుకూ జనమూ ఎక్కిస్తాను. నల్ల రెగ్జిను సీట్లు, చిరిగినచోట టేపు, టేపు ఊడినచోట స్పాంజీ. అది కొని తెచ్చిన రోజు కూడా మా అత్త ఇలాగే గిన్నెతో వచ్చింది. ముందు అద్దం మీద మూడు బొట్లు పెట్టింది. నేను ఊరుకోకుండా, "సాల్లే అత్తా, దీనికేటి పెళ్ళి సేత్తామా" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ గిన్నె పట్టుకుని పక్కకి తప్పుకుంది. అప్పుడే కొత్తగా పైపు వేసుకున్న సరదా కదా, మర్నాడు తెల్లారకముందే జీపుని లోపలా బయటా కడిగి తళతళలాడించేశాను. నా జీపు వైభవం అంతటితో సరి. మూడు బొట్లు. అతనికి చెయ్యి. నిండు చెయ్యి!

కొన్నాళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆ కారు నా కొట్టు ముందు ఆగింది. తోడల్లుడు దిగాడు. ఆ రోజు మొదటిసారి అతని చొక్కా మీద మరక చూశాను, ఎర్రది. నిజం చెప్పొద్దూ, కంటికి చల్లగా అనిపించింది.

"అన్నయ్యా, బేగి చూడు. మర్డరు జరిగినట్టుంది లోపల" అన్నాడు.

తలుపు తీశాను. సీటు మీద మా అత్త చెయ్యి నెత్తురు రంగులో ఉంది. వేళ్ళ మధ్య ఎరుపు కారి, కిందకి చారలుగా దిగింది.

"ఏటి పెట్టి రుద్దావు?"

"సర్ఫు."

"ఎంత?"

"ముందు కొంచెమే వేశాను అన్నయ్యా. ఎర్రగా అయింది. భయమేసి ఇంకా వేశాను."

సంగతేమిటంటే, అరకు దగ్గర ఒక రిసార్టు వాళ్ళు గెస్టుల్ని తిప్పడానికి కారు పెట్టుకుంటామన్నారట. ఆదివారం మేనేజరు స్వయంగా వచ్చి బండి చూస్తాడట. ఆ పని దొరికితేనే ఈ కారు కొన్నందుకు అర్థం. పసుపు మరక ఉంటే బాగోదని తుడవబోయి, ఇలా చేసుకున్నాడు.

"కడగడానికి ముందు సూడాలి తమ్ముడూ" అన్నాను. ఇంత మంచి అవకాశం మళ్ళీ వస్తుందా, రెండోసారి కూడా అన్నాను, కొంచెం గట్టిగా. "సూడాలి! అది ఏటి, ఎవులు ఎట్టినారు, దేంతో పోతాది, సూసుకోవాలి. సెయ్యి ఊరుకోదని రుద్దీడమేనా?"

"నేనేం చెయ్యను అన్నయ్యా, అత్త పెట్టింది. వద్దంటే బాధపడుతుందని ఊరుకున్నాను. అప్పుడే వద్దనాల్సింది. సీటు పాడైపోయింది."

చెప్పడం అయ్యాక ఇద్దరం ఒకేసారి చూశాం. మా అత్త కాలిబాట దిగి వచ్చి, నా డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. కారు శబ్దం విని చిన్నల్లుడు వచ్చాడని దిగినట్టుంది. చేతిలో కప్పూ సాసరూ. కాఫీ సాసరులోకి ఒలికిపోయి ఉంది. కప్పు డ్రమ్ము మీద పెట్టేసింది.

"నా సెయ్యే సెడ్డదయ్యింది" అంది. కుడిచెయ్యి కొంగులో చుట్టేసుకుని పైకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఇంటికి కాఫీపండ్లు ఏరిన బుట్ట తెచ్చిచ్చినప్పుడు ఎడంచేత్తో ఇచ్చింది. మా అత్త ఎవరికీ ఏదీ ఎడంచేత్తో ఇవ్వదు.

అప్పుడు నాకు తెలిసింది. ఆదివారం ఆ మేనేజరు సీటు చూసి మొహం చిట్లించాడంటే, ఈ చెయ్యి ఇక ఏ బండి మీదా పడదు. అతని బండి మీదే కాదు. రేపు నేను ఇంకో బండి కొంటే, దాని మీద కూడా. నా వంతు రాకముందే ఆ చెయ్యి కొంగులోకి వెళ్ళిపోతుంది. కాబట్టి ఆ మరక పోవాలి. తోడల్లుడి కోసం కాదు. అతని కోసమని అతను అనుకున్నాడు, అనుకోనిచ్చాను.

ఎలా పోతుందన్నది మాత్రం నాకూ తెలియదు. సీటు ముందు గొంతుక్కూర్చుని తల గోక్కుంటుంటే మా ఆవిడ వచ్చి చూసింది.

"ఓలమ్మ! పారాణయిపోనాదే!" అంది.

"పారాణేటే?"

"మరేటి? పసుపులో సున్నం కలిపితే ఎర్రగవ్వదా? నీ పెళ్ళిలో నీ కాళ్ళకి రాసినారు కాదేటి? సబ్బూ అలాటిదే. పసుపు బట్ట సబ్బెట్టి ఉతికితే ఎర్రబడతాది. నిమ్మకాయ పిండు, మళ్ళీ పసుపైపోతాది. ఆ మీదట ఎండే దానికి మందు."

పెళ్ళిలో నేను కాళ్ళవైపు చూడలేదు, ఆవిడవైపు చూశాను. ఆ మాటే అన్నాను. "ఇప్పుడు సీటువైపు సూడు" అంది.

నిమ్మరసంలో బోలెడు నీళ్ళు కలిపి, మెత్తటి బనీను ముక్క ముంచి పిండి, అద్దాను. రుద్దలేదు. లెదరు దగ్గర రుద్దడం అంటే కొత్తల్లుణ్ణి జీతమెంత అని అడగడమే. అద్దుతుంటే ఎరుపు నా కళ్ళముందే పసుపైపోయింది, వేలు తర్వాత వేలు. మళ్ళీ మా అత్త చెయ్యి, పూజనాడు ఎలా పెట్టిందో అలాగే వచ్చి కూర్చుంది. తోడల్లుడు చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం కొత్తగా ఉడికింది. చెరపమంటే నేను చేసిందేమిటి? అతని వీపు వెనక ఆ చెయ్యిని ఇంకోసారి, నా చేతులతో పెట్టాను.

పలచటి తడిగుడ్డతో నిమ్మరసం తీసేశాను. ఇక మిగిలింది పసుపు, అది లెదరు రంధ్రాల్లో దిగి ఉంది. దానికి ఎండ కావాలి. చలికాలంలో మా దగ్గర ఎండ కూడా టూరిస్టు లాంటిదే, ఆలస్యంగా వస్తుంది, ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోతుంది. నా కొట్టు లోయ నీడలో ఉంటుంది. ఎండ నిలిచే చోటు ఒక్కటే, మా అత్త కాఫీ గింజలు ఆరబోసే కళ్ళం. కారు అక్కడికి ఎక్కదు. అందుకని కింద వైరు ప్లగ్గు పీకి, బోల్టులు విప్పి, సీటునే ఊడదీశాను. నేనొక పక్కా తోడల్లుడొక పక్కా పట్టుకుని కాలిబాట ఎక్కించాం. దారిలో కనిపించినావిడ ఒకరు, "ఎవుర్ని మోస్తన్నారర్రా?" అని అడిగింది. "అల్లుణ్ణే" అన్నాను.

లెదరుకి ఎండెక్కువైతే పగులుతుంది కదా, సీటంతా మా ఆవిడ పాత చీర చుట్టి, చెయ్యి ఉన్నంతమేర మాత్రం బయటికి వదిలాను. టార్పాలిను మీద కాఫీ గింజలు, వాటి మధ్య పెళ్ళిపీట మీద కూర్చున్నట్టు ఆ సీటు. ఒక కోడి వచ్చి ఎక్కి కూర్చుంది. దానికీ నచ్చింది.

మా అత్త గడప దాటలేదు మొదట. కాసేపటికి కర్ర పట్టుకుని వచ్చి కోడిని అదిలించింది. తర్వాత మేక వచ్చింది, దాన్నీ అదిలించింది. తర్వాత అక్కడే కూర్చుంది. పొద్దు తిరిగినకొద్దీ, గింజలు తిరగేసినట్టే, సీటుని ఎండ వైపు తిప్పుతోంది. ఎడంచేత్తోనే. నేను కింద కొట్లోంచి పనున్నట్టు నటిస్తూ మాటిమాటికీ పైకి వచ్చి చూశాను. నా జీపు సీటు చిరిగి స్పాంజీ బయటపడి ఎన్నాళ్ళయిందో, దాన్ని ఎవరైనా ఎండ వైపు తిప్పారా? దానికి చీర కట్టారా? దాని మీద కోడి కూర్చుంటే అదిలించారా?

ఒకసారి ఆవిడ నీళ్ళకి లోపలికి వెళ్ళినప్పుడు నా అరచెయ్యి ఆ అచ్చు మీద పెట్టి చూసుకున్నాను. ఆవిడ చెయ్యి నా చేతికన్నా బాగా చిన్నది. ఇన్నాళ్ళూ పెద్దదనుకున్నాను. వేళ్ళు అప్పటికే సగం వెలిసిపోయాయి. పోవాలనే పెట్టాను, పోతుంటే బెంగగా ఉంది, మళ్ళీ అది నాది కాదన్న ఉక్రోషం. ఎవరికైనా చెప్తే నవ్వుతారని కోడికి చెప్పాను.

"పోతాదేటి బాబూ?" వెనకనుంచి మా అత్త.

"పోతాది అత్తా. నీ సెయ్యి సెడ్డదైతే ఎండకి పోదు కదా" అన్నాను. ఏదో నోటికొచ్చింది అనేశాను. ఆ తర్వాత ఆవిడ సీటుని రెండు చేతులతోనూ తిప్పింది.

శనివారం పొద్దుగూకే వేళకి మరక లేదు. ఉంగరం వేలు ఉన్నచోట మాత్రం, తెలిసినవాడికే తెలిసేలా, పొట్టి చాయ ఒకటి ఉండిపోయింది. నేను దాన్ని ముట్టుకోలేదు. లెదరు క్రీము పలచగా రాసి, సీటు మళ్ళీ బిగించాను.

ఆదివారం మేనేజరు వచ్చాడట, డ్రైవరు సీట్లోనే కూర్చున్నాడట, వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడట. "సీట్లు బాగా మెయింటెయిన్ చేశారు" అన్నాడట. పని ఖాయమయింది. ఇదంతా తోడల్లుడు ఫోనులో చెప్పాడు. వెంటనే భార్యతో స్వీటు పట్టుకుని పైకి వచ్చేశాడు. చొక్కా మళ్ళీ తెల్లది.

మా అత్త కోడిని కోసింది, సీటెక్కిన కోడినే. అందరం కళ్ళం పక్కన కూర్చున్నాం. ముందు కాఫీ వచ్చింది. కప్పూ సాసరూ అటు వెళ్ళాయి, స్టీలు గ్లాసు ఇటు వచ్చింది. కాలు ముక్క అటు, మెడ ఇటు. అప్పటికీ ఊరుకున్నాను. ఇంతలో తోడల్లుడు మా అత్త వైపు తిరిగి, నిండుగా, "నీ చేతి చలవే అత్తా. నువ్వు చెయ్యి పెట్టావు, పని దొరికింది" అన్నాడు. ఆవిడ మొహం కళ్ళంలో ఎండలా విచ్చుకుంది. ఆ కుడిచేత్తోనే అతని కంచంలో ఇంకో ముక్క వేసింది.

బోల్టులు విప్పింది నేను. మోసింది నేను. నిమ్మకాయ పిండిన చెయ్యి ఇంకా మండుతోంది. ఇక ఆగలేకపోయాను.

"బాగుంది అత్తా! ఆడి ఈపెనక నీ సెయ్యి, నా ఈపెనక స్పాంజీ. ఆడికి అయిదు వేళ్ళూ, నాకు మూడు బొట్లు. నా బండికి కూడా ఓపాలి సెయ్యెట్టుంటే నీ పసుపు అరిగిపోయేదేటి?"

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, జోకే కదా అన్నట్టు. మా అత్త నవ్వలేదు. గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి తుడుచుకుని, నా కళ్ళలోకి చూసింది.

"ఎట్టనేదని నీకెవులు సెప్పినారు? జీపు తెచ్చిన్రోజే, నీ ఎటకారం అయినాక, నువ్వు తానానికి ఎల్లినప్పుడు ఎట్టాను. నీ నల్ల సీటుకి, ఈపానే కాడ, ఇదే సెయ్యి. తెల్లారి వచ్చి సూద్దును కదా, పైపు ఎట్టి కడిగీసి ఈలేసుకుంటన్నావు. మొన్న ఆడికి రెండేసిసార్లు సెప్పినావే బాబూ, కడగడానికి ముందు సూడాలని. నీకెవులూ సెప్పనేదేటి?"